చెరువు ముడి

సముద్రమంటే భయపడి హైదరాబాద్ పారిపోయి వచ్చినవాణ్ణి నేను. ఆ సముద్రంలోకే జనాన్ని తీసుకెళ్ళి, చేపలు పట్టించి, క్షేమంగా వెనక్కి తెచ్చే ఉద్యోగం నాకు హైదరాబాద్‌లోనే దొరికింది. నుదుటి రాత అంటే ఇదే కాబోలు. టూరిజం కోర్సులు చదివి, మెడలో కార్డు తగిలించుకుని గైడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "బాబాయ్, మీ రోజుల్లో ఎంత పెద్ద చేప పడేది?" అని అడుగుతారు. చేప సంగతి నాకు సరిగ్గా గుర్తుండదు. నీళ్ళ సంగతి మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు. అందులో ఒక రోజు గురించి చెబుతాను. నచ్చితే వినండి, నచ్చకపోయినా వినండి. మీ ఉద్యోగానికి పనికొస్తుంది.

తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో అప్పుడే బండలు పేల్చి అద్దాల భవనాలు లేపుతున్నారు. మధ్యాహ్నం పేలుడు వినబడితే టీకొట్టులో గ్లాసులు గలగలమనేవి. ఒక ఇనుప సామాన్ల దుకాణం పైన ఒకటే గది, అది మా ట్రావెల్స్ ఆఫీసు. నేను మూసాపేటలో కిరాయి గదిలో ఉంటూ అందులో అటెండర్‌గా చేరాను. టికెట్లు తేవడం, టీలు పోయడం నా పని. మా సారు పాతబస్తీ మనిషి. మాట మంచిదే కానీ ఆలోచన వచ్చిందంటే ఆగడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు పనిమీద వచ్చే విదేశీ అతిథులు శని, ఆదివారాలు హోటల్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం చూశాడు. వాళ్ళ దేశాల్లో సముద్రం ఒడ్డున మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, గాలం కర్రలతో చేపలు పట్టడం పెద్ద సరదా అట. దానికి గైడ్లు కూడా ఉంటారట. ఎవరో అతిథి ఆ మాట చెప్పగానే సారు నా వైపు తిరిగాడు.

"నీది కాకినాడ దిక్కే కదవయ్యా?"

అవునన్నాను. అంతే, మర్నాటి నుంచి నేను గైడునైపోయాను.

మా చిన్నాన్న అక్కడి ఇసుక మేటల మీదే సముద్రపు పోటుకి కొట్టుకుపోయాడని, అప్పుడు నేను ఒడ్డున నిలబడి ఉన్నానని సారుకు చెప్పలేదు. చెబితే ఉన్న అటెండర్ పని కూడా పోతుందేమోనన్న బెంగ. కొరివితో తల గోక్కుంటున్నానని తెలుసు, గోక్కున్నాను.

నాలాంటి పిరికివాడు గైడైతే ఒక లాభముంది. నీళ్ళ రంగు కాస్త మారినా, గాలి దిక్కు తిరిగినా, "ఇక చాలండి, వెనక్కి" అనేవాణ్ణి. చేప బాగా పడుతున్నా సరే లాక్కొచ్చేసేవాణ్ణి. అతిథులు విసుక్కునేవారు. ఒడ్డుకు చేరాక మాత్రం "చాలా జాగ్రత్త గల మనిషి" అని సారుకు చెప్పి వెళ్ళేవారు. నా వణుకు వాళ్ళకు అనుభవంలా కనబడింది. నేనూ కాదనలేదు.

పని పెరిగాక సారు నాకు తోడుగా ఒక కుర్రాణ్ణి తెచ్చాడు. కుర్రాడంటే పెళ్ళై ఇద్దరు పిల్లలున్నవాడే. గోపన్‌పల్లి వాడు. తాతల నాటి నుంచి ఆ చుట్టుపక్కల చెరువుల్లో చేపలు పట్టడమే వాళ్ళ ఇంటి వృత్తి. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. మంచి బలశాలి. వల విసిరితే నీటి మీద గుండ్రంగా పరుచుకునేది. ఈత గురించి చెప్పనక్కరలేదు, వాడు నీళ్ళలో ఉన్నంత తీరుగా నేను నేల మీద కూడా ఉండలేను. వాడిలో లేనిదల్లా భయమే. "నీళ్ళంటే అమ్మ లెక్క అన్నా, అమ్మకెవడన్న బయపడ్తడా?" అనేవాడు.

మా చిక్కల్లా ఒకటే. కంపెనీలకు శని, ఆదివారాలు కావాలి. సముద్రానికి వారాలు పట్టవు, అమావాస్య పౌర్ణములే దాని లెక్క. ఆ రెండింటి దగ్గర పోటు మామూలు కన్నా ఎత్తుగా, వేగంగా వస్తుంది. నేనెప్పుడూ ఆ రోజులు తప్పించి తేదీలు పెట్టించేవాణ్ణి. ఆ సారి మాత్రం కుదరలేదు. అమావాస్య వెళ్ళిన మర్నాడే ఆదివారం. వచ్చే వారం పెట్టమని సారును బతిమాలాను.

"మంగళవారం ఫ్లైటుందయ్యా ఆ వచ్చిన గెస్టుకు. నువ్వు ఊకె పరేషాన్ చేస్తవేంది? పోయి రా, ఏం గాదు," అన్నాడు సారు.

ఏం కాదని ఒడ్డున ఉన్నవాళ్ళు ఎప్పుడూ చెబుతారు.

అలా నలుగురం బయల్దేరాం. నేను, తమ్ముడు, విదేశీ అతిథి, ఆయనకు తోడుగా కంపెనీ నుంచి ఒక మేనేజరు. అతిథి తాటిచెట్టంత పొడగరి, మాట తక్కువ. మేనేజరు గుంటూరు వైపు వాడు, పొట్టిగా, బొద్దుగా ఉంటాడు, ఈత రాదు. రైలు దిగి, జీపులో ఊరు చేరి, పల్లెవాళ్ళ చెక్క పడవ ఒకటి అద్దెకు తీసుకున్నాం. పడవ మేమే నడుపుకునేవాళ్ళం.

అక్కడి తీరు మీకు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఒడ్డున మడ అడవి. దాన్ని ఆనుకుని లోతైన పాయ ఒకటి, వెడల్పు వంద గజాలు కూడా ఉండదు. పాయ దాటితే విశాలమైన ఇసుక మేట. నీరు తీసినప్పుడు మేట మీద మోకాటి లోతే ఉంటుంది, కింద గవ్వలు కూడా కనబడతాయి. పండుగప్ప చేపలు మేతకు అక్కడికే వస్తాయి. చూడ్డానికి అంత అమాయకమైన చోటు లోకంలో ఉండదు. పోటు వచ్చేటప్పుడు మాత్రం నీరు ముందు సముద్రం వైపు నుంచి కనబడదు. వెనక ఉన్న పాయ నిండుతుంది. మీరు మేట మీద చేపల ధ్యాసలో ఉండగానే, ఇంటికి వెళ్ళే దారి మూసుకుపోతుంది. పడవ ఉంటే ఫరవాలేదు. పడవే ప్రాణం.

పాయ దాటి మేట అంచున పడవ ఆపాం. అక్కడ పల్లెవాళ్ళు పాతిన కర్ర ఒకటి ఉంది. పడవ కట్టమని తమ్ముడికి చెప్పి, నేను అతిథులకు నడక నేర్పుతున్నాను. టేకు చేపలు ఇసుకలో నక్కి ఉంటాయి, వాటి తోకలో విషపు ముల్లు ఉంటుంది. అందుకని పాదం ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడవాలి. మేనేజరు పాదాలు ఈడుస్తూ, "ఆఫీసులో మా టీమంతా ఇలాగే నడుస్తారండి," అని జోకు వేశాడు. అందరం నవ్వాం. ఆ పూట అందరం కలిసి నవ్వింది అదొక్కసారే.

చేప బాగా పడింది. అతిథి రెండో పండుగప్పతో పెనుగులాడుతున్నాడు. నా కళ్ళు మాత్రం అలవాటుగా వెనక్కి తిరిగాయి. పడవ తీరు తేడాగా కనబడింది. ముక్కు కిందికి వంగి ఉంది, వెనక భాగం పైకి లేచి ఉంది. ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పై ప్రాణాలు పైనే పోయాయి.

తమ్ముడు పడవను చెరువులో కట్టినట్టు కట్టాడు. చెరువులో గాలికి పడవ తిరగకుండా ముక్కును కర్ర మొదట్లో పొట్టి తాడుతో బిగించి, గట్టి ముడి వేస్తారు. చెరువు నీరు గంటలో లేవదు కాబట్టి అక్కడ అదే సరైన పద్ధతి. సముద్రంలో తాడు వదులుగా ఉండాలి, ముడి కర్ర వెంట పైకి జారాలి. అప్పుడే నీటితో పాటు పడవా లేస్తుంది. వాడి ముడి జారలేదు. నీరు లేచింది, పడవను తాడు కిందికి లాగి పట్టింది, ముక్కు మీదుగా నీళ్ళు లోపలికి పోస్తున్నాయి.

నా అరుపు విని తమ్ముడు పరుగెత్తాడు. నాకన్నా ముందే చేరాడు. ముడి అప్పటికే నీళ్ళ కింద ఉండి, నాని బిగుసుకుపోయింది. వాడు నడుములోంచి కత్తి తీశాడు.

"కొయ్యకు! ఒరేయ్, కొయ్యకు!" అని గొంతు చించుకున్నాను. నీళ్ళు నిండినా చెక్క పడవ పూర్తిగా మునగదు, పట్టుకుని వేలాడొచ్చు. గాలి ఎదురు. వాడికి వినబడలేదు. తాడు కోశాడు. నీళ్ళు నిండిన పడవ పక్కకు ఒరిగి, పాయ ప్రవాహంలోకి జారి, మడ అడవి వంక మా కళ్ళ ముందే వెళ్ళిపోయింది.

వాడు నా వైపు తిరిగి నవ్వాడు కూడా. "ఫికర్ చెయ్యకు అన్నా. నేను ఈది పోయి ఇంకో పడవ తెస్త. గిదేంది, గింతేనా? మా చెరువు దీనికి రెండింతలుంటది."

నిజమే, చూడ్డానికి అంతే. అవతలి ఒడ్డున చెట్ల ఆకులు విడివిడిగా కనబడుతున్నాయి. నా దగ్గర ఖాళీ టిఫిన్ డబ్బా ఉంది. మూత బిగించి పాయలోకి విసిరాను. అది అవతలికి పోలేదు. పడ్డచోటి నుంచి పక్కకు తిరిగి, మనిషి పరుగు కన్నా వేగంగా మడ వేళ్ళ వైపు దూసుకుపోయి కనబడకుండా పోయింది. తమ్ముడు దాన్ని చూశాడు. మా చిన్నాన్న కూడా అలాగే పోయాడు. ఆ మాట వాడికి అప్పుడు చెప్పలేదు.

"ఇది లేస్తాందా అన్నా?" అన్నాడు నెమ్మదిగా, కాళ్ళ చుట్టూ చూసుకుంటూ. నీళ్ళు మోకాలు దాటాయి. "వాన లేదు, వరద లేదు. ఎట్ల లేస్తది?"

అన్నిసార్లు మా వెంట వచ్చినా వాడెప్పుడూ పోటు చూడలేదని అప్పుడు తెలిసింది నాకు. ఎలా చూస్తాడు? నీరు లేవకముందే అందర్నీ ఒడ్డుకు తరిమేవాణ్ణి నేనే కదా. నా పిరికితనం వాడికి సముద్రాన్ని కూడా చెరువులాగే చూపించింది.

మేట మీద కాస్త మెరకలో కర్రల వరుస ఒకటుంది. నీరు తీసేటప్పుడు చేప పారిపోకుండా వల కట్టడానికి పల్లెవాళ్ళు పాతినవి. లోతుగా పాతుతారు, ఊగవు. అందర్నీ అక్కడికి నడిపించాను. పంచె చించి, తువ్వాళ్ళు ముడేసి, అతిథి బెల్టు కూడా తీసుకుని ఒక్కొక్కరి నడుమును ఒక్కో కర్రకు కట్టాను. ముడి కర్ర వెంట జారేలా కట్టాను. ఆ రోజు పోటు ఎంత ఎత్తు వస్తుందో నాకు తెలియదు. ఛాతీ దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగకపోతే నలుగుర్నీ నేనే స్వయంగా కర్రలకు కట్టి ముంచినవాణ్ణవుతాను. ఒడ్డుకు ఈదనివ్వకుండా తమ్ముణ్ణి ఆపింది కూడా నేనే. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పరిస్థితి.

నడుము దాటింది. మేనేజరు ఏడవడం మొదలుపెట్టాడు. "నాకు చిన్నపిల్లుందండి, నాకు చిన్నపిల్లుందండి," అని ఆ ఒక్క మాటే. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. మేనేజరును ఎత్తుకొమ్మని అతిథికి చేతులతో చూపించాను. ఆయన పక్క కర్ర నుంచి మేనేజరు కట్టు విప్పి, వంగి, అతన్ని భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత ఆయన కూడా ఏదో గొణుక్కోసాగాడు. ప్రార్థనే అయి ఉంటుంది. ఏ భాషలోనైనా ఆ గొంతు ఒకటే.

ఛాతీకి వచ్చింది. ఎండ కాస్తోంది, ఆకాశం నిర్మలంగా ఉంది, దూరంగా కొంగలు ఎగురుతున్నాయి. ఆ నీరు అలగా రాదు, చప్పుడు చెయ్యదు. అందుకే అంత భయం. కోపంగా మీద పడితే తిట్టుకోవచ్చు, ఎదురు తిరగొచ్చు. ఇది ఊరికే నిలబడి ఉంటుంది, చూసేసరికి ఇంకాస్త పైన ఉంటుంది.

తమ్ముడు నా పక్క కర్రకే ఉన్నాడు. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి పళ్ళు టకటకమంటున్నాయి, చలికి కాదు. అంత బలమైన మనిషి పట్టు అది, నా వేళ్ళు విరిగిపోతాయనిపించింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"అన్నా, లేస్తాందా?"

"లేదు," అన్నాను.

గొంతు కింది గుంట దాకా వచ్చింది.

"అన్నా, జర చూసి చెప్పు. లేస్తాందా?"

"లేదురా. ఆగింది."

నా గడ్డం ఎత్తి పట్టుకుని మాట్లాడుతున్నాను. ఆ మాట చెబుతుంటే ఉప్పునీళ్ళు నోట్లోకి వచ్చాయి. నిజం చెబితే వాడు కట్టు తెంచుకుని పాయలోకి దూకుతాడు. అది మాత్రం నాకు ఖాయంగా తెలుసు. వాడు మళ్ళీ అడిగాడు, నేను మళ్ళీ ఆగిందన్నాను. ఎన్నిసార్లు అడిగాడో, ఎన్నిసార్లు అన్నానో. ఒకసారి "తగ్గుతోంది" అని కూడా అన్నాను. అప్పుడు నేను మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాను.

చివరికి నా కర్ర పక్కన ఒక ఎండుటాకు కదలకుండా నిలిచింది. చాలాసేపు నిలిచింది. తర్వాత సముద్రం వైపు కదిలింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాను.

కాసేపటికి పల్లె నుంచి రెండు పడవలు వచ్చాయి. నీళ్ళు నిండిన పడవ ఒకటి మనుషుల్లేకుండా మడ వేళ్ళలో చిక్కుకుని కనబడిందట. దాన్ని చూసి గుండెలు బాదుకుంటూ వెతకడానికి వచ్చారు. తమ్ముడు తాడు కొయ్యకపోతే వాళ్ళు వచ్చేవారు కాదు. ఏది తప్పో, ఏది ఒప్పో సముద్రం దగ్గర లెక్క తేలదని అప్పటి నుంచి నేను ఎవరినీ పెద్దగా తప్పుపట్టడం మానేశాను.

మేనేజరు హైదరాబాద్ చేరాక ఆ కథను కంపెనీలో సాహసగాథలా చెప్పుకున్నాడు. అతిథి భుజాల మీద ఎక్కిన ముక్క మాత్రం వదిలేశాడని విన్నాను. దాంతో మా ట్రిప్పులకు గిరాకీ పెరిగింది! ఫోన్లు మోగుతుంటే సారు ముఖం వెలిగిపోయింది. ఆ రోజు ఆయన మీద నాకు వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు. అయినా ఉద్యోగం మానలేదు, మూసాపేట గది కిరాయి ఆగదు కదా.

తమ్ముడు మాత్రం మళ్ళీ ఆఫీసుకు రాలేదు. సారు వెళ్ళి పిలుచుకు రమ్మంటే ఒక పొద్దున గోపన్‌పల్లి వెళ్ళాను. వాడి భార్య గుమ్మంలోనే ఉంది. నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మీ ఆఫీసుకు రాకుంటె రాకపాయె అన్నా. చెరువుల గూడ దిగుతలేడు. పొద్దుగాల లేసి కట్ట మీద కూసుంటడు, నీళ్ళ దిక్కే చూస్తడు. వల ముట్టడు. దవాఖానకు పోదామంటె నాకేమైందని లొల్లి జేస్తడు. ఇగ మేం ఎట్ల బతకాలె? మాకు నీళ్ళు తప్ప ఏం తెల్వది."

వాడి ప్రాణం కాపాడానని ఇన్నాళ్ళూ లోలోపల కాస్త గర్వపడుతూనే ఉన్నాను. తీరా చూస్తే నా జబ్బు వాడికి అంటించి వచ్చాను. నాకేం, నేను టీలు పోసి బతగ్గలను. వాడికి చెరువే తిండి.

కట్ట మీద వాడి పక్కన కూర్చున్నాను. చెరువు అద్దంలా ఉంది. తర్వాత వాడే అడిగాడు, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా.

"అన్నా, ఇది లేస్తాందా?"

"లేదు తమ్ముడూ. ఇది చెరువు. ఇది లేవదు."

వాడు నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ చూపులో. అదే నన్ను చంపింది.

"ఆ దినం గూడ గిట్లనే అంటివి గదన్నా."

నా మాటను నేనే ఖర్చు చేసేశాను. ఇప్పుడు నిజం చెప్పడానికి నా దగ్గర మాటే మిగల్లేదు. లేచి, చెప్పులు విడిచి, ప్యాంటుతోనే చెరువులోకి దిగాను. దిగి చూపించడం తప్ప ఇంకేం తోచలేదు. నీళ్ళంటే నాకెంత భయమో ఈపాటికి మీకు తెలుసు. మోకాళ్ళు దాటాక వెనక్కి తిరిగి, "చూడు, లేస్తోందా?" అన్నాను. ఇంకాస్త లోపలికి వెళ్ళాను. నడుము దాటింది. కాళ్ళ కింద బురద మెత్తగా జారుతోంది. "చూడరా!" అని అరిచాను.

"అన్నా! గటు పోకు! గాడ మట్టి తీసిన గుంత ఉంది! అన్నా!"

వాడి కేక పూర్తయ్యేలోపే నా కాలికింద నేల పోయింది. మునిగాను. నోరు, ముక్కు నిండా చెరువు నీళ్ళు. ఇంక అయిపోయిందనుకున్నాను. చొక్కా కాలరు పట్టుకుని ఎవరో ఒక్క గుంజు గుంజారు. లేచి చూస్తే ఎదురుగా తమ్ముడు, తల నుంచి నీళ్ళు కారుతూ, నా రెండు రెక్కలూ పట్టుకుని ఊపేస్తున్నాడు.

"దిమాక్ ఉందా నీకు? తెల్వని చెరువుల గట్లెట్ల దిగుతవే? సచ్చిపోతుంటివి! గీడ ఎక్కడ గుంతుందో, ఎక్కడ బండుందో నీకేమన్న ఎర్కనా? అడగొద్దా నన్ను?"

తిడుతూనే ఉన్నాడు. నేను దగ్గుతూ, తలూపుతూ వింటున్నాను. ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ఆ సంగతి వాడికింకా తెలియలేదు. నేను చెప్పలేదు.